అద్దాల పెట్టెలో నిలబడని రైలు

"ఇయ్యాల ఏదో ఒకటి అయితది సూడుండ్రి. అయితె కరెంటు ఒక్కపారే హై ఓల్టేజి అచ్చి ఇంజను కాలుతది, లేకుంటె ఆ జగిత్యాలాయన కాలు తాకి మానేరు బ్రిడ్జి కూలుతది. పొద్దున లేసినకాంచి నా కుడికన్ను అదురుతనే ఉన్నది."

అప్పటికింకా ఏమీ కాలేదు. సిరిసిల్లలో ఆ పొద్దున కరెంటు నిలకడగానే ఉంది. జగిత్యాలాయన ఇంకా తొవ్వలోనే ఉన్నాడు. మానేరు బ్రిడ్జి, అంటే గంగవ్వ పాత ఇనుప పట్టీలతో కట్టిన జానెడు ఎత్తు బ్రిడ్జి, ఎప్పటిలాగే తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంది. అయినా ఆమె కొంగు నడుముకు చుట్టి, దాని కింద ఇంకో చెక్క ముక్క దోపింది.

"ఇంక ఎన్ని చెక్కలు పెడ్తవే అమ్మా?" గుమ్మంలో నిలబడి కొడుకు జితేందర్ నవ్వాడు. "ఊరి బయటి అసలు మానేరు బ్రిడ్జికి గూడ గన్ని కాళ్ళు లెవ్వు."

"నవ్వు కొడుకా, నవ్వు. కూలినంక గూడ గిట్లనే నవ్వు."

లోపల గంగవ్వ పెనిమిటి రాజమౌళి రెండు సాంచాల మధ్య నిలబడి బట్ట నేస్తున్నాడు. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. వాటి చప్పుడులో బతికినవాళ్ళు చివరికి రెండు రకాలవుతారు. అరిచి మాట్లాడేవాళ్ళు ఒకరు, మాట్లాడటమే మానుకున్నవాళ్ళు ఇంకొకరు. రాజమౌళి రెండో రకం. తల్లీకొడుకుల మాట ఆయనకు వినబడిందో లేదో తెలియదు. తెగిన పోగు ఒకటి కనబడితే వంగి ముడి వేశాడు, అంతే.

ఆ కార్ఖానాలో ఒకప్పుడు నాలుగు సాంచాలుండేవి. గిరాకీ పడిపోయిన రోజుల్లో రెండింటిని తుక్కు కింద అమ్మేశారు. అవి నిలబడ్డ జాగలో, గోడ పొడుగునా, ఇప్పుడు గంగవ్వ రైలు నడుస్తుంది. పట్టాలు తుక్కువాడు వదిలేసి పోయిన ఇనుప పట్టీలు. ఇంజను ఒళ్ళు నూనె డబ్బా రేకు. చక్రాలు నూలు చుట్టి చుట్టి అరిగిపోయిన కండెల మొదళ్ళు. లోపల పాత టేపురికార్డరు మోటరు. పొగగొట్టంలో ఊదుబత్తి ముట్టిస్తే నిజం బొగ్గు ఇంజనులాగే పొగ వదులుతూ పోతుంది, కాకపోతే మల్లెపూల వాసన వస్తుంది.

గంగవ్వ పుట్టిల్లు జమ్మికుంట. చిన్నప్పుడు తండ్రి నేసిన బట్టల మూట మోసుకుని ఆయన వెంట టేషనుకు పోయేది. అప్పట్లో బొగ్గు ఇంజన్లు. నల్లటి ఏనుగులా రొప్పుతూ వచ్చి నిలబడితే ప్లాట్‌ఫారం కాళ్ళ కింద వణికేది. మిగతా పిల్లలు తల్లుల వెనుక దాక్కునేవాళ్ళు. పిల్లిని చూసినా భయపడే గంగవ్వ మాత్రం రైలును చూసి భయపడలేదు. లోకంలో అన్నీ ఎటు పడితే అటు పోయేవే. బండ్లు, బర్లు, తాగినోళ్ళు, వరద నీళ్ళు, ఏది ఎటు మళ్ళుతుందో ఎవరికీ తెలియదు. రైలు ఒక్కటే తాను ఎటు పోతుందో ముందుగానే నేల మీద పరిచి చూపిస్తుంది. ఆ పిల్లకు అది మర్యాదగా తోచింది.

తర్వాత పెళ్ళయి సిరిసిల్లకు వచ్చింది. సిరిసిల్లకు రైలు లేదు. సిద్దిపేట దాకా వచ్చింది, ఇక్కడికీ వస్తుంది, మట్టి పోస్తున్నారు అని ఇప్పుడిప్పుడే వింటోంది. వచ్చేదాకా ఆగలేక తానే ఒకటి చేసుకుంది. వాడకట్టు మొత్తం నవ్వింది. పక్కింటి ఊర్మిల "అక్కా, హైదరాబాదుకు ఒక టికెట్టు కొట్టు" అని కిటికీలోంచి అరిచేది. "నీ అసోంటి లగేజీ మోసెటందుకు గూడ్స్ బండి గావాలె, అది ఇంక చెయ్యలే" అని గంగవ్వ పని ఆపకుండానే జవాబు చెప్పేది.

భయం మాత్రం రైలుతో పోలేదు. ఎక్కడో బండి పట్టా తప్పిందని టీవీలో చూస్తే ఆమెకు ముద్ద దిగదు. లేచి వచ్చి తన పట్టాలన్నీ వేలితో తడిమి చూసుకుంటుంది. అందుకే పట్టా పొడుగునా ఒక నూలు పోగు బిగించింది. దాని మీద ఏది పడ్డా పోగు తెగుతుంది, పోగు తెగితే సాంచ ఆగినట్టే రైలు ఆగుతుంది. ఇంత జాగ్రత్త నిజం రైళ్ళకు కూడా ఉందో లేదో అని ఆమె దిగులు.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, చీరల ఆర్డరు ఒకటి జితేందర్ చేతికి వచ్చింది. ఇంకో సాంచ దించాలి. దించాలంటే జాగ కావాలి. ఆ జాగలో రైలు ఉంది. అదే సమయంలో, కోరుట్లలో కాపురముంటున్న కూతురు నవత ఆ రైలును ఫోనులో తీసి పెట్టిన వీడియో తిరిగి తిరిగి జగిత్యాలలో ప్రేమ్‌సాగర్ అనే ఆయన కంట పడింది. ఆయన కొత్తగా పెద్ద ఫంక్షన్ హాలు కట్టి, దాని ముందు గదిలో పాతకాలపు వస్తువులు పేరుస్తున్నాడు. రైలును ఇవ్వండి, అద్దాల పెట్టెలో పెడతాను, మీ పేరు రాయిస్తాను అన్నాడు. జితేందర్ మాటిచ్చేశాడు. గంగవ్వ వద్దనలేదు. ఎలుకల బాధ, కురిసే రేకులు, వాడకట్టు పిల్లల చేతులు, అన్నీ తలుచుకుంటే ఆమెకూ అద్దాల పెట్టే నయం అనిపించింది.

ప్రేమ్‌సాగర్ కారు దిగి లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మంచి మాట.

"అక్కా, వీడియోల కంటె మస్తుగున్నది. ఒక్కపారి నడుపుతవా?"

గంగవ్వ ఊదుబత్తి ముట్టించి మీట నొక్కింది. రైలు ఈ చివర నుంచి బయలుదేరి, బ్రిడ్జి దాటి, ఆ చివర దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"గుండ్రంగ తిరగదా?" ప్రేమ్‌సాగర్ అడిగాడు. "బొమ్మ రైళ్ళన్నీ గుండ్రంగ తిరుగుతయి గద."

"ఏ ఊరి రైలు గుండ్రంగ తిరుగుతది తమ్మీ? పోతది, అస్తది. సాంచల పోగు మోసె మా నాడె గూడ గంతే. ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు."

ఆయన పగలబడి నవ్వి, జేబులోంచి టేపు తీసి పెట్టె కొలతలు చూసుకోవడం మొదలుపెట్టాడు. గంగవ్వ పక్కనే తిరుగుతూ అడిగింది.

"పెట్టెకు తలుపు ఏ దిక్కు పెడ్తరు? నడిపెటోళ్ళకు చెయ్యి అందాలె గద."

"నడుపుడు ఉండదక్కా. నడిస్తె ఎన్ని రోజులుంటది చెప్పు? నిలబెడితె నూరేండ్లుంటది."

ఆ మాట గంగవ్వ గుండెలో ఎక్కడో మెత్తగా దిగింది, ఆ వెంటనే ముల్లులా గుచ్చింది. ఏమీ కాకుండా నూరేళ్ళు ఉండటం. ఆమె బతుకంతా కోరుకున్నది అదే. జితేందర్ నడక నేర్చిన కొత్తలో, తాను కండెలు చుడుతుంటే వాడు సాంచాల దగ్గరికి పోతాడేమోనని వాడి నడుముకు పాత చీర కట్టి గుంజకు ముడి వేసింది. వాడు ఆ కట్టుతోనే చుట్టూ తిరిగి తిరిగి ఏడ్చేవాడు. వాడికి ఏమీ కాలేదు, నిజమే.

ఇంకోటి గుర్తొచ్చింది. ఒక పెళ్ళికి సికింద్రాబాదు పోయినప్పుడు రోడ్డు పక్కన అరుగు మీద ఒక పాత బొగ్గు ఇంజను నిలబెట్టి ఉంది. పరుగెత్తి దగ్గరికి పోయింది. ఒంటి నిండా కొత్త రంగు, చక్రాలకు గొలుసు. పొయ్యిలో ఎవరో చిప్స్ కవర్లు వేశారు. చేత్తో తాకితే చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమెకు మూడు రోజులు అరచేతిలో నుంచి పోలేదు. ఊటీ కొండ ఎక్కే పాత ఆవిరి రైలు ఇప్పటికీ నడుస్తుందని నవత ఫోనులో చూపించింది. అది అంత వయసులో అంత ఎత్తు ఎక్కుతుంటే వెనక్కి జారుతుందేమోనని గంగవ్వ కళ్ళు మూసుకుంది. కానీ మళ్ళీ మళ్ళీ పెట్టమని అడిగింది దాన్నే. అరుగు మీది ఇంజనును ఇంకోసారి చూడాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు.

"తమ్మీ, నేనొక్కపారి ఆ జాగ చూస్త. చూసినంకనే ఇస్త."

"ఏమున్నదే చూసెటందుకు?" జితేందర్ విసుక్కున్నాడు. "మాటిచ్చిన గద."

"బిడ్డనిచ్చెటప్పుడు ఇల్లు చూడలేదారా? గిదీ గంతే. నువ్వు రా," అంటూ రాజమౌళి వైపు తిరిగింది. ఆయన సాంచాలు ఆపి, చేతులు తువ్వాలకు తుడుచుకుని, అంగీ వేసుకున్నాడు. జితేందర్ ఆర్డరు పని మీద ఉండిపోయాడు.

జగిత్యాల దాకా కారులో గంగవ్వ ఎదురొచ్చిన ప్రతి లారీకీ కాళ్ళు ముడుచుకుంది. "మెల్లగ బిడ్డా, నీకు పెండ్లాం పిల్లలున్నరా?" అని డ్రైవరును అడిగింది. ఉన్నారని అతను చెప్పాక ఇంకా భయపడింది.

హాలు గొప్పగా ఉంది. పాలరాయి, పెద్ద దీపాలు. ముందు గదిలో తిరగలి, కుంచం, తంబుర, ఎడ్లబండి చక్రం. మధ్యలో తాడు కట్టిన కంచె లోపల ఒక చేనేత మగ్గం. దాని కర్రలకు నూనె రంగు పూసి నిగనిగలాడించారు. పడుగు మీద దీపం వెలుగు పడుతోంది. దాని పక్కనే ఖాళీగా ఒక గోడ. "గిక్కడ్నే అక్కా నీ రైలు," అన్నాడు ప్రేమ్‌సాగర్.

గంగవ్వ గోడను చూస్తోంది. రాజమౌళి మగ్గాన్ని చూస్తున్నాడు. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. నలభై ఏళ్ళుగా తెగిన పోగును చూసీ చూడనట్టు పోవడం ఆ మనిషికి రాదు. నిద్రలో కూడా ఆయన వేళ్ళు ముడి వేస్తుంటాయి. తాడు మీదుగా వంగి, రెండు కొసలూ అందుకుని, వేలికీ వేలికీ మధ్య మెలిపెట్టాడు.

"ఓ ముసలాయనా! చెయ్యి తియ్యి!" మూలన కుర్చీలో ఉన్న కాపలావాడు లేచి ఉరికొచ్చాడు. "తాకద్దని గంత పెద్దగ రాసిపెట్టిన్రు, కనబడ్తలేదా? మీ ఇంటిది అనుకున్నవా?"

రాజమౌళి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముడి సగంలో విడిపోయింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తువ్వాలలో చుట్టుకున్నాడు.

ప్రేమ్‌సాగర్ కాపలావాణ్ణి కసిరాడు. తర్వాత రాజమౌళితో నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకన్నా. ఆ పోగు తెగినట్టు ఉంటెనే పాతగ కనబడ్తది. గట్లనే ఉంచాలన్నడు డిజైన్ చేసినాయన."

"తెగిన పోగును గట్లనే ఉంచుతరా?" గంగవ్వ అడిగింది.

"షో కొరకు పెట్టింది గదక్కా. దీని మీద నేసేది ఎవరు?"

గంగవ్వ ఖాళీ గోడ వైపు ఇంకోసారి చూసింది. అక్కడ తన రైలు, దాని మీద దీపం, అద్దానికి అవతల చేతులు కట్టుకున్న పిల్లలు. బ్రిడ్జి ఎన్నడూ కూలదు. మోటరు ఎన్నడూ కాలదు. ఆమెకు భయం వేసింది, ఎప్పటి భయం లాంటిది కాదు.

"నేనియ్య," అంది.

"ఏంది?"

"నా రైలు ఇయ్య. పోదాం పదయ్యా."

"అక్కా, నీ కొడుకు మాటిచ్చిండు. పెట్టెకు ఆర్డర్ గూడ ఇచ్చిన."

"మాట వాడిచ్చిండు, రైలు నేను చేసిన. పెట్టెల ఇంకేదన్న పెట్టుకో. తంబుర పెట్టుకో."

"ఇంట్ల ఉంటె ఏమైతదో తెల్వదా? ఎలుకలు కొరుకుతయి, పోరగాండ్లు ఇరగ్గొడ్తరు, వానకు తుప్పు పడ్తది."

"పట్టనియ్యి! తుప్పు పడితె గీకుత. ఇరిగితె అతుకుత. నడిసి నడిసి అరిగిపోతె అరిగిపోనియ్యి. గీ ఆయినను చెయ్యి తియ్యమన్నట్టు రేపు నన్ను గూడ చెయ్యి తియ్యమంటరు మీరు, నా రైలు కాడ్నే."

ప్రేమ్‌సాగర్ మొహం ఎర్రబడింది. కారు డెకరేషన్ సామానుకు పోవాలన్నాడు, వెనక్కి దింపడం కుదరదన్నాడు.

"మాకు కాళ్ళున్నయి," అంది గంగవ్వ. "లింగంపేట టేషన్ల రైలున్నది."

సిరిసిల్లకు లేని రైలు కోరుట్లకు ఉంది. గంగవ్వ నవతకు ఫోను చేసి వస్తున్నామని చెప్పి, ఆటో ఎక్కి జగిత్యాల పక్కనే ఉన్న లింగంపేట చేరి, రాజమౌళితో కలిసి ప్యాసింజరు ఎక్కింది. రైలెక్కగానే ఆమె భయాలు దిగిపోయాయని అనుకుంటారేమో. దిగలేదు, టికెట్టు లేకుండా ఆమెతోపాటే ఎక్కాయి. జితేందర్ ఏమంటాడో, ప్రేమ్‌సాగర్ పెట్టె డబ్బులు కట్టమంటాడో, ఈ మనిషి మనసులో ఏముందో. కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని కూర్చుంది. బయట పసుపు చేలు, మక్క చేలు వెనక్కి పోతున్నాయి. రాజమౌళి తువ్వాలలో చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీ అవతలికి చూస్తున్నాడు. 

కోరుట్లలో దిగేసరికి పొద్దు వాలుతోంది. నవత ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఆమె పక్కన, సిరిసిల్ల నుంచి రుద్రంగి మీదుగా బైకు తోలుకొచ్చి మొహం నిండా దుమ్ముతో జితేందర్.

"జగిత్యాలాయన ఫోన్ జేసిండు. నా ఇజ్జత్ మొత్తం తీసినవ్ గదనే!"

"మొదలు నీళ్ళు తాగనియ్యరా," అంది నవత.

"నువ్వాగక్కా. ఆ వీడియో పెట్టి గింత దూరం తెచ్చిందే నువ్వు. రేపు సాంచ దింపుతమని చెప్పిన. ఏడ దింపాలె, నెత్తి మీదనా?"

"మీ బాపును గద్దిచ్చిన్రురా, చెయ్యి వెట్టిండని," అంది గంగవ్వ. "తెగిన పోగు ముడేస్తాంటె, దొంగ చెయ్యి పట్టుకున్నట్టు."

జితేందర్ ఒక్క క్షణం తండ్రి వైపు చూశాడు. కానీ కోపం అప్పటికే మెడ దాకా ఉంది.

"అమ్మా, నన్ను చెరువు కాడికి పోనియ్యలే నువ్వు. సైకిల్ తొక్కనియ్యలే. దుబాయ్ పోత అంటె పాస్‌పోర్ట్ బియ్యం డబ్బల దాచినవ్. ఏమన్నయితదని, ఏమన్నయితదని నా పానం తిన్నవ్. మరి గా రైలుకు మాత్రం ఏం కాదా? దాన్ని ఎవలన్న తాకచ్చు, ఎవలన్న నడుపచ్చు?"

ప్లాట్‌ఫారం మీద నలుగురు తిరిగి చూశారు. గంగవ్వ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"అయితది. ఎందుకు గాదు? ఇరుగుతది, కాలుతది, పట్టా తప్పుతది. అయినా నడవాలె. రైలు ఇరిగితె మళ్ళ చేస్తరా నేను. నువ్వు ఇరిగితె నిన్ను ఏడ చేద్దును? గందుకే కట్టేసిన. తప్పే కావచ్చు, కట్టేసిన. కని గా రైలును గూడ కట్టెయ్యమంటె నా తోని కాదు. ఐతారం ఐతారం బడి ఉండదు గద, వాడకట్టు పోరగాండ్లకు తలుపు తీస్త. నా ఎదురుంగనే నడుపుకుంటరు. నేను భయపడుకుంటనే కూసుంట."

నవత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. జితేందర్ చేతిలో హెల్మెట్టును అటూ ఇటూ తిప్పాడు. తల్లి అంత గట్టిగా ఏదైనా కావాలని అడగడం వాడు ఎప్పుడూ వినలేదు, వద్దు అనడమే విన్నాడు.

"సరేనే. నడుపు. కని ఆర్డరు గూడ నిజమే గద? సాంచ లేకుంటె తినేదేంది?" వాడి గొంతు దిగింది. తండ్రి వైపు తిరిగాడు. "కార్ఖానా నీది బాపూ. రైలా, సాంచనా? నువ్వే చెప్పు."

రాజమౌళి సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

వాళ్ళు దిగిన బండి కూత వేసి మెట్‌పల్లి వైపు కదిలింది. చివరి పెట్టె దాటిపోయింది. నవత పోయి చాయ్ తెచ్చింది. నలుగురూ తాగారు. అవతలి పట్టా మీద ఇద్దరు పనివాళ్ళు సుత్తులు భుజాన వేసుకుని నడిచి పోయారు.

గంగవ్వ చాయ్ గ్లాసు పట్టుకునే ఉంది. ఆయన సాంచ అంటాడని ఆమెకు ముందే తెలిసిపోయినట్టుంది. అనాలి కూడా. సాంచ అన్నం పెట్టేది. ఆ మాట వచ్చేలోపే తానే అనేస్తే బాగుంటుందేమో, పోనీయండి, పట్టాలు పీకేస్తాను అనేస్తే. లేదు, ఈసారి తాను ముందుగా ఓడిపోదు. ఆయన నోటితోనే రానీ.

"ఏమన్నొకటి అనయ్యా," అంది. "కాదంటె కాదను. కని అను."

రాజమౌళి తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. బెంచీ మీద నుంచి లేచి, ప్లాట్‌ఫారం అంచు దాకా పోయి, కనుచూపు మేర పోయిన పట్టాలను చూస్తూ నిలబడ్డాడు. చీకటి పడకముందే దీపాలు వెలిగాయి. జితేందర్ బైకు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు ఆయన, సాంచాల చప్పుడు మీదుగా పిలిచినట్టు, టేషనంతా వినబడేలా అన్నాడు.

"జితూ! రేపు సాంచ దించుడుకంటె ముందు ఎనుక గోడకు బొక్క కొట్టు. పట్టా పెరట్లకు పోవాలె."